టమాటా మీద దారం, షికాగోకు దారి

అమెరికా ఏ దిక్కునుందిరా అంటే, బడిలో గోడపటం చూసిన పిల్లలంతా పడమర అంటారు. మా మనవడూ అంతే. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట ముందేసుకుని హైదరాబాద్ నుంచి షికాగోకు దారి అడిగాడు. తెర మీద వచ్చిన గీత ముంబయి వైపు తిరగకుండా నిలువునా ఉత్తరానికి ఎక్కింది. "తాతా, ఇది తప్పు చూపిస్తాంది" అన్నాడు. తప్పేం లేదు నాయనా, పోయి ఒక గుండ్రటి టమాటా పట్టుకురా. పత్తికొండలో ఉండి టమాటాలకు కరువా!

తొడిమ ఉన్న చోటు ఉత్తర ధ్రువం అనుకో. కాయ నడుముకు కాస్త పైన ఒక గుండుసూది గుచ్చు, అది హైదరాబాద్. దానికి దాదాపు అవతలి పక్కన, నడుముకూ తొడిమకూ సగం దూరంలో ఇంకొకటి గుచ్చు, అది షికాగో. ఇప్పుడు రెండిటికీ దారం కట్టి, నడుము చుట్టూ తిప్పి, మెల్లగా బిగించు. దారం నడుము మీద నిలవదు. జారి జారి పైకెక్కి, తొడిమ పక్కన ఆగుతుంది. గుండ్రటి వస్తువు మీద దగ్గరి దారి అదే. గోడపటం ఈ గుండ్రాన్ని చదును చేసి, ధ్రువాల దగ్గరి నేలను సాగదీసి చూపుతుంది. అందుకే మన కన్ను మోసపోతుంది.

లెక్క కట్టి చూశాం. పటం మీద స్కేలు పెట్టి గీస్తే అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం దాటి రమారమి 16,100 కిలోమీటర్లు వస్తుంది. దారం చూపిన దారిన పోతే 13,300 చాలు. కారాకోరం కొండలు, కజకిస్తాన్, రష్యా దాటి ఉత్తరపు సముద్రాల మీదికి పోయి, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగుతుంది.

ఇది ఆటలోని ముచ్చట మాత్రమే కాదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది. దానికి వారం ముందే, జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన బోయింగ్ 777 ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారకముందే బెంగళూరులో దిగింది. నడిపింది నలుగురు ఆడపిల్లలు: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. పాపగారి తన్మయి అన్న తెలుగు పేరు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ రెండు ఊళ్ల మధ్య నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. విమానం తిరిగింది మాత్రం 16,000 పైచిలుకని అప్పట్లో చెప్పారు.

దగ్గరి దారి తెలిసి కూడా అంత దూరం ఎందుకు తిరగడం? మొదటి కారణం గాలి. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరు పారుతుంటుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలు. ఎదురు పోతే ఇంధనం తగలబడిపోతుంది, వెంట పోతే బోలెడంత మిగులుతుంది. లండన్ నుంచి న్యూయార్క్‌కు ఎనిమిది గంటలు పడితే, తిరుగు ప్రయాణం ఏడు గంటల్లో తెమిలేది అందుకే. ఈ ఏరు రోజూ ఒకేచోట ఉండదు కాబట్టి అట్లాంటిక్ మీది దారులను కూడా ఏ రోజుకారోజు కొత్తగా గీస్తారు. పగలు అమెరికా వైపు పోయేవాటికి ఐర్లండ్, బ్రిటన్ వైపున్న షాన్‌విక్ కేంద్రం, రాత్రి యూరప్ వైపు వచ్చేవాటికి కెనడాలోని గాండర్ కేంద్రం గీస్తాయి. రెండో కారణం దేశాల తగాదాలు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. మనవడి గీత కారాకోరం దగ్గర ఆ ఆకాశంలోకే పోతుంది, కాబట్టి అక్కడ వంచక తప్పదు.

అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన ఒక్కదానితో ఇంత సమయంలోపు ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. 1953లో అమెరికా పెట్టిన హద్దు 60 నిమిషాలు. ఇంజన్ల మీద నమ్మకం పెరిగాక 1985లో 120, 1988లో 180 నిమిషాలైంది. అందుకే సముద్రం మీద దారి గీసేవాడు ముందు దిగడానికి వీలైన ఊళ్లను వెతుకుతాడు. ఒక్కో ఊరి చుట్టూ మూడు గంటల వలయం గీసి, ఆ వలయాలు ఒకదాన్నొకటి తాకేలా చూసుకుని, అప్పుడు వాటిలోంచి తన గీతను పోనిస్తాడు. మనవడికి నేను ఎక్కువసేపు చెప్పింది దీన్ని గురించే.

2001 ఆగస్టు 24న ఏం జరిగిందో విను. టొరంటో నుంచి లిస్బన్‌కు పోతున్న ఎయిర్ ట్రాన్సాట్ విమానంలో 306 మంది ఉన్నారు. నడి అట్లాంటిక్ మీద కుడి ఇంజను దగ్గర ఇంధనం కారిపోయి, ఒకదాని తర్వాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కింద చీకటి సముద్రం. కెప్టెన్ రాబర్ట్ పిషే, ఆయన జోడీ డిర్క్ డి యాగర్ ఆ విమానాన్ని 19 నిమిషాల పాటు ఉత్త గాలిలో తేలించి, అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే మీద దించారు. అందరూ బతికారు. ఆ పొద్దు రద్దీ ఎక్కువై, వాళ్లను మామూలు దారికన్నా 60 మైళ్లు దక్షిణంగా పంపారు. అజోర్స్ అందుబాటులోకి వచ్చింది అందువల్లే. దారిలో 60 మైళ్లంటే ఏమిటో ఆ 306 మందికి తెలుసు.

ఇక ఇంధనం సంగతి. విమానంలో పోసేది మన కిరసనాయిలు జాతిదే, జెట్ ఏ-1 అంటారు. మైనస్ 47 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువం దగ్గర బయటి చలి అంతకు మించి కూడా పోతుంది. అందుకే పైలట్లు ట్యాంకు చలిని కూడా కనిపెడుతూ, అవసరమైతే కాస్త కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. ట్యాంకు నిండా పోసుకుని పోతే సరిపోదా అన్నాడు మావాడు. ఆ బరువును మోయడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది కదా! మొదట బరువెక్కువ కాబట్టి కింది ఎత్తున ఎగిరి, ఖర్చయ్యేకొద్దీ రెండేసి వేల అడుగులు మెట్లెక్కినట్టు పైకి పోతారు.

మన జిల్లా ఓర్వకల్లు నుంచే లేస్తానన్నాడు. ముచ్చటైన కోరికే గానీ, అక్కడి రన్‌వే 2,000 మీటర్లు, ఏటీఆర్‌లాంటి చిన్న విమానాలకు సరిపోతుంది. ట్యాంకు నింపుకున్న 777కు శంషాబాద్‌లోని 4,260 మీటర్లలాంటి పొడుగాటి రన్‌వే కావాలి. అందుకని ఓర్వకల్లు నుంచి శంషాబాద్‌కు ఏటీఆర్‌లో పోయి, అక్కడ విమానం మారమన్నాను. ఈ ఆట ఆడేవాళ్లకు ఇంటర్నెట్‌లో వ్యాట్‌సిమ్ అనే బృందం ఉంది. 2001 నుంచి నడుస్తోంది. అందులో నిజమైన మనుషులే కంట్రోలర్లుగా కూర్చుని, ఏ దారి, ఏ ఎత్తు, ఎంత వేగం అని చెబుతారు. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేస్తారు. ఒంటరిగా ఆడేకన్నా అక్కడ ఆడితే ఓపిక, మాట పద్ధతి రెండూ వస్తాయి.

సరే నాయనా, నీ గీత మీద ఇంకొక పని మిగిలింది. నార్వే వాళ్ల స్వాల్బార్డ్‌లో లాంగ్‌ఇయర్‌బియెన్, కెనడాలో ఇకలూయిట్, ఈ రెండూ నీ దారికి అండగా పెట్టుకున్నావు. ఆ రాత్రి ఇకలూయిట్‌లో మంచు తుఫాను అని వాతావరణ సూచన వచ్చిందనుకో. ఆ వలయం తీసెయ్. నడుమ ఎంత ఖాళీ పడింది, గీత ఎటు జరపాలి, దానికి ఎన్ని టన్నుల ఇంధనం కావాలి? లెక్క వేసుకుని రా, చూద్దాం.