వేలు ఎత్తకుండా ముక్తేశ్వరం

కోనసీమలో గోదావరి గౌతమీ పాయ ఒడ్డున కోటిపల్లి రేవుకు ఎదురుగా ఉన్న ముక్తేశ్వరం పేరు రాతలో నాలుగు అక్షరాలే అయినా, కంప్యూటర్ల లిపి ప్రమాణమైన యూనికోడ్ లెక్కలో అది మ, కొమ్ము, క, పొల్లు, త, ఏత్వం, శ, పొల్లు, వ, ర, సున్న అనే 11 సంకేతాల వరుస. ఇంగ్లిషు అక్షరాలతో రాసినా 11 మీటలు నొక్కవలసిందే. ఆ నొక్కుళ్ల స్థానంలో తెర మీద ఒకే గీత గీసి మాటను రాబట్టే పద్ధతినే జెస్చర్ టైపింగ్ అంటారు. జనం వాడుకలో అది స్వైప్ చేయడం.

షుమిన్ ఝాయ్, పెర్ ఓలా క్రిస్టెన్సన్ 2003లో ప్రకటించిన పరిశోధన ఈ పద్ధతికి పునాది వేయగా, 2009లో స్వైప్ అనే కీబోర్డు శాంసంగ్ ఫోనులో వచ్చింది, 2012లో ఆండ్రాయిడ్ సొంత కీబోర్డులోనే ఈ సౌకర్యం చేరింది. ఇందులో యంత్రం అక్షరాలను ఒక్కొక్కటిగా చదవదు. ముక్తేశ్వరం రాసే వేలు టి నుంచి ఇ కి జరిగేటప్పుడు మధ్యలోని ఆర్ మీదుగా పోక తప్పదు కనుక, తాకిన ప్రతి మీటనూ లెక్కిస్తే మాట చెడుతుంది. అందుచేత గీత మలుపులనూ మొత్తం ఆకారాన్నీ తన నిఘంటువులోని మాటల ఆకారాలతో పోల్చి, ముందున్న మాటను బట్టి ఏది రావడానికి ఎక్కువ అవకాశముందో చూసి, యంత్రం ఒకదాన్ని ఎంచుకుంటుంది.

తెలుగుకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే మీటను రెండుసార్లు నొక్కడమంటే గీతలో కదలిక లేకపోవడమే కాబట్టి, ఇంగ్లిషు మీటల మీద కాలు, కాళ్ళు, కళ్ళు, కల్లు అనే నాలుగు మాటలకూ కె, ఎ, ఎల్, యు మీదుగా పోయే గీత ఒక్కటే అవుతుంది. దీర్ఘమూ ద్విత్వమూ అర్థాన్నే మార్చే భాషలో గీత సరిగ్గా ఆ రెండింటినే చెరిపేస్తుంది. జంట అక్షరం కోసం మీట మీద చిన్న చుట్టు చుట్టే ఏర్పాటు స్వైప్‌లో ఉండేది గాని, తెలుగులో అడుగడుగునా చుట్టవలసి వస్తే వేగమనే ప్రయోజనమే మిగలదు. తెలుగు మీటలనే వాడితే ద్విత్వం పోదు, అయితే ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో గుణింతపు గుర్తులూ పొల్లూ ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉండటంతో ప్రతి ఒత్తుకూ వేలు అటూ ఇటూ దాటవలసి వస్తుంది. పైగా శ అక్షరం షిఫ్ట్ మీట వెనుక ఉంది, గీత మధ్యలో షిఫ్ట్ నొక్కడం కుదరదు.

నిఘంటువు మీద ఆధారపడటం కూడా తెలుగుకు అంతగా సరిపడదు. ముక్తేశ్వరానికి, ముక్తేశ్వరంలోనూ, ముక్తేశ్వరమంటే అంటూ ఒక్క పేరుకే విభక్తులూ సంధులూ చేరి ఎన్నో రూపాలు పుడతాయి, వాటన్నిటినీ ముందుగా జాబితా కట్టడం అసాధ్యం. ఐఐటీ మద్రాసు పరిశోధకులు 2020లో 7 భారతీయ భాషల నుంచి 1,93,658 మాటల గీతలను సమకూర్చి, ఇంగ్లిషు మీటల గీతను భారతీయ లిపిలోకి మార్చి తప్పులు దిద్దే నమూనాను కూడా తయారుచేశారు. భాషను బట్టి దాని కచ్చితత్వం 70 నుంచి 95 శాతం దాకా ఉంది. ఆ దారి సరైనదే.

అయితే ఏ నమూనా అయినా తాను చదివిన మాటలనే బాగా గుర్తుపడుతుంది. కోటిపల్లి, ముక్తేశ్వరాల మధ్య గోదావరి దాటించే పంటు కోసం పి, ఎ, ఎన్, టి, యు మీదుగా వేలు జార్చితే, పట్టణపు వార్తలు ఎక్కువగా చదివిన యంత్రం ప్యాంటు వైపు మొగ్గవచ్చు. సూచనల వరుసలో సరైన మాటను ఎంచుకుంటే చాలా కీబోర్డులు దాన్ని గుర్తుంచుకుంటాయి, కాని ఆ గుర్తు సాధారణంగా ఆ వాడుకరికే పరిమితం. రేవు, లంక, పంటు వంటి కోనసీమ మాటలతో నిండిన రచనలు డిజిటల్ రూపంలో పెరిగితే తప్ప, పక్కవారి ఫోనుకు ఆ మాట మళ్ళీ కొత్తే.