కొర్ర, శనగ, ఉల్లి: మెట్ట పంటలతో పోషకాల కారపు అట్టు

రాయలసీమ మెట్ట పొలాల్లో పండేదానికీ, సీమ ఇళ్లలో వండేదానికీ నడుమ దూరం పెరిగింది. ఒకప్పుడు కొర్రన్నం, సద్దరొట్టె తిన్న ఇళ్లలో నేడు మూడు పూటలా వరి బియ్యమే కనిపిస్తుంది. ఈ మార్పు ఆరోగ్యానికే కాక పంటల ధరకూ చేటు తెస్తోంది. స్థానికంగా తినేవారు లేని పంటకు దూరపు మార్కెట్టే దిక్కవుతుంది.

కృష్ణాపురం ఉల్లి చెప్పే పాఠం

కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. మన వంటిళ్లలో దీని వాడకం తక్కువ. పంట ప్రధానంగా ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతి అవుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఉల్లి ఎగుమతులను నిషేధించినప్పుడు ఈ రైతులకు దారి మూసుకుపోయింది. అక్టోబరులో 10,000 టన్నుల వరకు చెన్నై రేవు ద్వారా పంపేందుకు మినహాయింపు లభించింది. ఉల్లిని తాలింపుకే పరిమితం చేయక, ప్రధాన దినుసుగా వాడే వంటకాలు ఇంటింటా పెరిగితే ఇలాంటి వేళ కొంతైనా ఆసరా దొరుకుతుంది.

రెండు దేశాంతర అట్లు

పాలు, నెయ్యి, గుడ్డు లేని వీగన్ ఆహారానికి నగరాల్లో ఆదరణ పెరుగుతున్నందున రెండు విదేశీ అట్ల పద్ధతులు గమనింపదగినవి. యూదులు హనుక్కా పండుగకు చేసే ‘లాట్కె’లో ఆలుగడ్డ, ఉల్లి తురిమి, నీరు పిండి, నూనెలో కాలుస్తారు. పిండిన నీటి అడుగున పేరుకున్న గంజిపిండిని తిరిగి కలిపితే అట్టు విడిపోదు. కొరియన్లు నానబెట్టి రుబ్బిన పెసలతో ‘బిందెత్తొక్’ చేస్తారు. ఇది మన పెసరట్టుకు దగ్గరి చుట్టం. వారి కిమ్చీని పులియబెట్టే ల్యూకోనోస్టాక్ సూక్ష్మజీవులే మన దోసెపిండిలోనూ పనిచేస్తాయి. కొర్ర కూడా కొరియాలో ప్రాచీన కాలం నుండి పండుతున్న పంటయే.

కొర్రకు పప్పు తోడు ఎందుకు?

కొర్రలో గోధుమలోని గ్లూటెన్ ఉండదు. కనుక కొర్రపిండి ఒక్కటే వాడితే అట్టు విరిగిపోతుంది. మినప్పప్పు జిగురునిస్తుంది. చిరుధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మిథియోనిన్ ధాన్యం నుండి లభిస్తుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వచ్చిన సూర్యనంది కొర్ర, నంద్యాల శనగ రకాలు ఈ రెండు దినుసులనూ మన నేలలోనే సమకూరుస్తున్నాయి.

కావలసినవి

కొర్రబియ్యం 200 గ్రా., మినప్పప్పు 50 గ్రా., శనగపప్పు 50 గ్రా., మెంతులు అర చెంచా, ఉల్లి (ఎర్రగడ్డలు) 200 గ్రా., ఆలుగడ్డ (ఉర్లగడ్డ) 150 గ్రా., ఉప్పు, కొత్తిమీర, వేరుశనగ నూనె.

తయారీ

1. కొర్రబియ్యం, పప్పులు, మెంతులను 6 గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, రాత్రంతా పులియనివ్వాలి.

2. సన్నగా తరిగిన ఉల్లికి ఉప్పు పట్టించి 10 నిమిషాల తరువాత నీరు పిండివేయాలి. ఉప్పు నీటిని లాగివేయడం వల్ల అట్టు మెత్తబడదు.

3. ఆలుగడ్డను తురిమి గట్టిగా పిండాలి. ఆ నీటిని కదపకుండా ఉంచి, పైతేట పారబోసి, అడుగున మిగిలిన గంజిపిండిని తురుముతో కలిపి రుబ్బులో వేయాలి.

4. ఉల్లి, కొత్తిమీర చేర్చి, పెనంపై మందంగా పరచి, సన్నని సెగపై రెండు వైపులా ఎర్రగా కాల్చాలి.

ఎండుమిర్చి, ఉల్లి, తెల్లగడ్డ కలిపి నూరిన కడప ఎర్రకారం పైన పూసి, పప్పులపొడి చల్లితే సీమ రుచి వస్తుంది.

జాగ్రత్తలు

కొర్రపిండిలోని కొవ్వు వల్ల ఎక్కువ రోజులు నిల్వ ఉంచితే చిరువాసన, చేదు వస్తాయి. పొడిపిండి మిశ్రమం అమ్మదలచిన మహిళా సంఘాలు తక్కువ మోతాదులో మరపట్టి, గాలి చొరని సంచుల్లో నింపి, తయారీ తేదీ ముద్రించాలి. ఉల్లి, ఆలుగడ్డలను వండే వేళకే కలుపుకోవాలి. మధుమేహం ఉన్నవారు ఆలుగడ్డను తగ్గించి శనగపప్పు పెంచుకోవడం మేలు.

వారానికి రెండు పూటలైనా ఇటువంటి అట్టు ఇళ్లలోనూ, వసతిగృహాల్లోనూ పెనమెక్కితే, మెట్ట రైతు పంటకు తన ఊరిలోనే ఒక కొనుగోలుదారు ఏర్పడతాడు.