ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ ఉంది... స్కాన్‌కి లేదు!

పోయినేడు దసరాకి ఇంటికెళ్తే అమ్మ మెడ దగ్గర చిన్న ఉబ్బు కనిపించింది. అడిగితే "అదెప్పట్నించో ఉందిలేరా" అంది. ఖమ్మంలోనే అల్ట్రాసౌండ్ తీయించాం. థైరాయిడ్‌లో కుడివైపు రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. సూదితో కణాలు తీసి ల్యాబ్‌కి పంపారు. నాలుగు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో 'బెథెస్డా కేటగిరీ 3' అని ఉంది. క్యాన్సరా అండీ అంటే డాక్టరుగారు "చెప్పలేం" అన్నారు. పోనీ కాదా అంటే "అదీ చెప్పలేం" అన్నారు!

నేను రోజూ కోడ్ రాసుకునేవాణ్ని. ఎర్రర్ వస్తే ఎర్రర్ అనాలి, లేకపోతే లేదనాలి. ఈ 'చెప్పలేం' ఏంటని ఆ రాత్రంతా చదువుతూ కూర్చున్నాను.

థైరాయిడ్‌లో గడ్డలు చాలామందికి ఉంటాయి. వాటిలో ఎక్కువ శాతం ఏ హానీ చేయనివే. సూది పరీక్ష ఫలితాన్ని ఆరు కేటగిరీలుగా చెబుతారు. రెండు అంటే భయం లేదు, ఆరు అంటే క్యాన్సరే. మూడు, నాలుగు మధ్యలో ఉంటాయి. 2023లో సవరించిన లెక్క ప్రకారం మూడో కేటగిరీలో క్యాన్సర్ తేలేది సగటున 22 శాతం మందికి, నాలుగులో 30 శాతం మందికి. అంటే అమ్మలాంటి వాళ్లు వంద మంది ఉంటే, 78 మందికి అది మామూలు గడ్డే. కానీ ఆ 78 మంది ఎవరో సూది చెప్పలేదు. కొన్నిరకాల గడ్డల్లో క్యాన్సర్ కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొరని దాటాయా లేదా అన్నది చూడాలి. అది గడ్డ మొత్తం బయటికి తీస్తేనే తెలుస్తుంది. అందుకే థైరాయిడ్‌లో ఒక సగం తీసేస్తారు. గడ్డ ఏంటో తెలుసుకోడానికి గడ్డనే కోసేయడమన్నమాట. అలా సగం తీయించుకున్న వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తర్వాత హార్మోన్ తగ్గుతుంది. చాలామందికి ఇక మాత్ర తప్పదు. గొంతు నరానికి దెబ్బ తగిలే ముప్పు తక్కువే గానీ, సున్నా కాదు.

హైదరాబాద్‌లో మళ్లీ సూది పరీక్ష చేశారు. మళ్లీ మూడే. సర్జన్ గారు రెండు దారులు చెప్పారు. ఒకటి ఆపరేషన్. రెండోది పెట్-సీటీ స్కాన్.

పెట్ స్కాన్‌లో చక్కెరలాంటి రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కిస్తారు. ఎక్కువ చక్కెర తినే కణాలు స్కాన్‌లో వెలుగుతాయి. క్యాన్సర్ కణాలు సాధారణంగా తిండిబోతులు. ఇక్కడ ఒక తిరకాసుంది. వెలిగిందంతా క్యాన్సర్ కాదు. కానీ వెలగకపోతే మాత్రం చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు.

దీన్ని నెదర్లాండ్స్‌లో పదిహేను ఆస్పత్రుల్లో, 132 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2022లో వచ్చాయి. అందరికీ స్కాన్ తీశారు. ఒక గుంపుకి మాత్రం ఫలితం చూపించకుండా, మామూలుగా చేసినట్టే ఆపరేషన్ వైపు పంపారు. రెండో గుంపులో గడ్డ వెలిగితేనే ఆపరేషన్, లేకపోతే కనిపెట్టుకుని ఉండటం. మొదటి గుంపులో 83 శాతం మందికి జరిగిన వైద్యం వల్ల ఉపయోగం లేదని తేలింది. రెండో గుంపులో అది 42 శాతమే. హానిలేని గడ్డలకి జరగాల్సిన ఆపరేషన్లలో నూటికి 40 తప్పిపోయాయి. అయితే వెలిగిన గడ్డల్లోనూ క్యాన్సర్ తేలింది మూడింట ఒక వంతుకే. హర్తిల్ కణాలనే రకం గడ్డల్లో అయితే స్కాన్ వల్ల పెద్దగా లాభం లేదు, అవి హానిలేనివైనా వెలుగుతాయి. ఆ పరిశోధకులే ఖర్చు కూడా లెక్కేశారు. ఆపరేషన్, సెలవులు, పోయిన పని రోజులు, జీవితాంతం మందులు అన్నీ కలుపుకుంటే స్కాన్ దారే చౌక అని తేలింది.

మరి మన దగ్గర? ఇక్కడే నాకు తల తిరిగింది.

అమ్మ నా కంపెనీ పాలసీలో ఉంది. ఆపరేషన్ చేయిస్తే క్యాష్‌లెస్, రూపాయి కట్టక్కర్లేదు. స్కాన్‌కి 18 వేలు అడిగారు. ఫోన్ చేస్తే, ఆస్పత్రిలో చేరితేనే అంతకు ముందు చేయించుకున్న పరీక్షల డబ్బు వస్తుందన్నారు. చాలా పాలసీల్లో రూల్ ఇంతే. చేరడానికి ముందు 30 రోజులో, 60 రోజులో చేయించుకున్న పరీక్షలకే డబ్బిస్తారు. అంటే స్కాన్ వెలిగి ఆపరేషన్ దాకా వెళ్తే స్కాన్ ఫ్రీ. వెలగక ఆపరేషన్ తప్పిపోతే, ఆ తప్పించిన స్కాన్ ఖర్చు మనదే! కంపెనీకి లక్ష మిగిల్చినందుకు మనకి 18 వేలు ఫైన్ అనుకోండి. నాన్నగారైతే "ఊరికే చేస్తామంటుంటే చేయించేద్దాంరా, పీడా పోతుంది" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. మా ఇంట్లో డబ్బు లెక్క అలానే తేలుతోంది. మెడ మీద కోత పడేది అమ్మకి కాబట్టి నేను ఒప్పుకోలేదు.

స్కాన్లన్నీ మంచివేనని నేననడం లేదు. దక్షిణ కొరియాలో హెల్త్ చెకప్‌తో పాటు చవగ్గా థైరాయిడ్ అల్ట్రాసౌండ్ చేయడం అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. ఏ ఇబ్బందీ లేని మనిషికి వెయ్యి రూపాయల స్కాన్ ఖరీదైనదే కావచ్చు. అనుమానం మిగిలిన చోట 18 వేల స్కాన్ చవకైనదే కావచ్చు. అందుకే ఫ్రెండ్స్ ఎవరైనా 'ఫుల్ బాడీ ప్యాకేజీ' లింకులు పంపితే, అందులో థైరాయిడ్ స్కాన్ ఉందేమో చూసుకోమంటున్నాను.

అమ్మ గడ్డ వెలగలేదు. రిపోర్టు చూసి సర్జన్ గారు, ఇప్పుడైతే కోయక్కర్లేదు, ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ తీయించండి, పెరిగితే మళ్లీ చూద్దాం అన్నారు. నూటికి నూరు శాతం ధైర్యం ఆయనా చెప్పలేదు. క్లెయిమ్ పెట్టి చూశాను. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి కుదరదని రెండు రోజుల్లో మెయిల్ వచ్చింది. ఈ దసరాకి మళ్లీ ఖమ్మం వెళ్లాలి. అల్ట్రాసౌండ్‌కి టోకెన్ తీసుకోమని నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేశాను.