విరిగిన వెన్నుపూసకు సిమెంటు వైద్యం

అరవై దాటిన ఇల్లాలు నీళ్ళబిందె ఎత్తబోయి "అమ్మా" అని కూలబడుతుంది. నడుము పట్టేసిందనుకుని ఇంట్లోవాళ్ళు తైలం రాస్తారు, కాపడం పెడతారు. వారమైనా నొప్పి తగ్గదు. పడుకుంటే కాస్త నయం, లేచి నిలబడితే ప్రాణం పోయినట్లుంటుంది. ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూస నలిగిందని తేలుతుంది.

బహిష్టులు ఆగిపోయాక స్త్రీల ఎముకలు త్వరగా బలం కోల్పోతాయి. వృద్ధులైన పురుషులకూ, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవారికీ ఈ బెడద ఉంది. గుల్లబారిన పూస చిన్న బరువుకే కుంగిపోతుంది.

ఇలా నలిగిన పూసల్లో చాలా భాగం నొప్పి మాత్రలతో, కొద్దిపాటి విశ్రాంతితో 6 నుంచి 12 వారాల్లో అతుక్కుంటాయి. భరించలేని నొప్పి తగ్గకపోతే, 1984లో ఫ్రాన్సులో మొదలైన 'వెర్టిబ్రోప్లాస్టీ' అనే చికిత్స గురించి డాక్టర్లు ఆలోచిస్తారు.

ఎలా చేస్తారు?

రోగిని బోర్లా పడుకోబెట్టి మత్తు ఇస్తారు. ఎక్స్‌రే తెరమీద చూస్తూ వీపు చర్మం గుండా సూదిని పూసలోకి దించి, మెత్తని సిమెంటు ఎక్కిస్తారు. ఇది గోడలకు వాడే సిమెంటు కాదు. తుంటికీలు మార్చేటప్పుడు వాడే ప్లాస్టిక్ జాతి పదార్థం. నిమిషాల్లో గట్టిపడుతుంది. ముందుగా చిన్న బెలూన్ ఉబ్బించి, పూసలో చోటు చేసి సిమెంటు నింపితే దాన్ని 'కైఫోప్లాస్టీ' అంటారు. ఒక పూసకు సాధారణంగా గంటలోపే పని పూర్తవుతుంది. పెద్ద కోత ఉండదు. చాలామంది అదేరోజు, లేదా మర్నాడు ఇంటికి వెళ్ళిపోతారు.

ఎంత గుణం కనిపిస్తుంది?

కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి తేలికపడుతుంది. అందరికీ అలా జరగదు. 2009లో వెలువడిన రెండు పరిశోధనల్లో కొందరికి నిజంగా సిమెంటు ఎక్కించారు, కొందరికి ఎక్కించినట్లు నటించారు. ఇద్దరికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది! పూస విరిగి ఆరు వారాలు దాటని, తీవ్రమైన నొప్పి ఉన్నవారికి మేలు జరిగిందని 2016లో ఆస్ట్రేలియా పరిశోధన చెప్పింది. అందుకే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: ఈ నొప్పి ఆ పూసదేనా? అది విరిగి ఎన్నాళ్ళయింది? ఈ సంగతి తేల్చడానికి ఎం.ఆర్.ఐ. సాయపడుతుంది.

జాగ్రత్తలు

రక్తం పలచబరచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు మానకండి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఈ చికిత్స వాయిదా వేస్తారు. సిమెంటు కొద్దిగా బయటకు కారినా చాలాసార్లు హాని ఉండదు. అరుదుగా నరాలను నొక్కవచ్చు, ఊపిరితిత్తులకూ చేరవచ్చు. చికిత్స తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా, ఆయాసం, ఛాతీనొప్పి కలిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఒక్కమాట మరవకండి. సిమెంటు బలమిచ్చేది ఆ ఒక్క పూసకే. ఒకటి విరిగినవారికి మరొకటి విరిగే అవకాశం ఎక్కువ. ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, డాక్టరు సలహాపై కాల్షియం, విటమిన్ డి, ఎముకల మందులు వాడండి. రోజూ నడవండి. స్నానాలగది తడిగా ఉంచకండి. ఇవేవీ పట్టించుకోకుండా సిమెంటు ఒక్కటే నమ్ముకోవడం, కారే పెంకుటింటికి ఒక్క పెంకు మార్చి ఊరుకోవడం లాంటిదే.