రసగుల్లాను పక్కన పెట్టాం, మరి అన్నం సంగతి?

2017 నవంబరు 14న ‘బాంగ్లార్ రసగొల్లా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. బెంగాల్‌లో ఆ తేదీని రసగొల్లా దినంగా జరుపుకుంటారు. విచిత్రంగా ప్రపంచ మధుమేహ దినం కూడా అదే. ఇన్సులిన్ ఆవిష్కర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. కోల్‌కతాలో షుగరు ఉన్నవారికి ఈ తేదీ ఒక పరీక్షే!

ఆ పరీక్షలో చాలామంది నెగ్గుతారు, మిఠాయి గిన్నెను దూరం జరుపుతారు. కానీ మధ్యాహ్నం అన్నం మాత్రం మారు వడ్డించుకుంటారు. తెలుగు ఇళ్లలోనూ జరిగేది ఇదే. తీపి మానేశాం కాబట్టి పథ్యం పాటిస్తున్నట్టే అనుకుంటాం.

పళ్లెంలోని లెక్క

వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. ఉడికాక అది సుమారు 300 గ్రాముల అన్నమవుతుంది, అంటే ఒక మోస్తరు పళ్లెం నిండుతుంది. జీర్ణమయ్యాక ఆ పిండిపదార్థమంతా దాదాపుగా గ్లూకోజే. నాలుక తీపిని గుర్తించకపోయినా, రక్తం లెక్క తప్పదు.

21 దేశాల్లో 1,32,373 మందిని పరిశీలించిన ‘ప్యూర్’ అధ్యయనం 2020లో ఈ విషయాన్నే చెప్పింది. దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవారిలో మధుమేహం వచ్చే ముప్పు, 150 గ్రాముల లోపు తినేవారి కన్నా 61 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపే అధ్యయనమే కానీ, అన్నమే కారణమని తేల్చే రుజువు కాదు. అయినా 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అంచనా ప్రకారం 10.1 కోట్ల మంది మధుమేహులున్న దేశంలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

మరమరాలు తేలిక, కానీ...

ఎంత తిన్నామన్నదే కాదు, అది ఎంత వేగంగా గ్లూకోజుగా మారుతుందన్నదీ ముఖ్యమే. ఈ వేగాన్ని పోల్చడానికి టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ సూచికను ప్రతిపాదించింది. గ్లూకోజుకు 100 అనుకుంటే, 55 లోపు ఉన్నవి నెమ్మదిగా, 70 దాటినవి త్వరగా చక్కెరను పెంచుతాయి.

కోల్‌కతా సాయంత్రాల్లో విడదీయరాని ఝాల్‌మూడీ ఇక్కడే మోసం చేస్తుంది. వేడి ఇసుకలో గింజ లోపలి తేమ ఆవిరై ఒక్కసారిగా వ్యాకోచించడంతో మరమరం స్పంజిలా గుల్లబారుతుంది. దాంతో జీర్ణ ఎంజైములు సులువుగా లోపలికి చొరబడతాయి. చేతికి తేలిగ్గా ఉన్నది రక్తంలోకీ తేలిగ్గానే చేరుతుంది. అందులో ఉడికించిన శనగలు, వేరుశనగలు, కీరా ముక్కలు పెంచి మరమరాలు తగ్గిస్తే ఆ వేగం కొంత నెమ్మదిస్తుంది.

దీనికి ఎదురు దిశలో జరిగే మార్పూ ఉంది. అన్నం చల్లారినప్పుడు పిండిపదార్థపు అణుగొలుసులు మళ్లీ దగ్గరగా చేరి, కొంత భాగం జీర్ణానికి లొంగని రూపం దాలుస్తుంది. ఇండోనేషియాలో 2015లో జరిగిన ఒక పరిశోధనలో, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి వేడిచేసిన అన్నంలో ఈ భాగం వంద గ్రాములకు 0.64 నుంచి 1.65 గ్రాములకు పెరిగింది. ప్రయోజనం ఉన్నా అది స్వల్పమే. బెంగాలీల పాంతా భాత్, మన చద్దన్నం షుగరుకు మందు అనేయడానికి ఇది చాలదు. పైగా బయట వదిలేసిన అన్నంలో హానికర బ్యాక్టీరియా పెరగవచ్చు.

వరుస మారిస్తే

బెంగాలీ భోజనం చేదుతో మొదలవుతుంది. ముందు కాకరకాయ వంటి కూరలతో చేసే శుక్తో, తర్వాత పప్పు, కూరలు, చేప, చివర్న చట్నీ, మిఠాయి. అమెరికాలో వైల్ కార్నెల్ పరిశోధకులు 2015లో ఇలాంటి వరుసనే 11 మంది మధుమేహులపై పరీక్షించారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలు తర్వాత తిన్నప్పుడు, గంట తర్వాతి గ్లూకోజు స్థాయి సుమారు 37 శాతం తక్కువగా నమోదైంది. చిన్న ప్రయోగమే, కానీ ఆలోచింపజేసే ఫలితం.

అయితే ఒక చిక్కుంది. బెంగాలీలు శుక్తోనూ, చేపనూ అన్నంలోనే కలుపుకుంటారు. మనం పప్పు నుంచి పెరుగు దాకా ప్రతిదానికీ అన్నం పెట్టుకున్నట్టే. కాబట్టి వంటలు మార్చనక్కర్లేదు. శుక్తో, కూర, చేప ముక్కలో కొంత విడిగా ముందు తిని, తర్వాత కొలిచి పెట్టుకున్న అన్నం తింటే చాలు. సగం పళ్లెం కూరలకు, పావు వంతు పప్పు లేదా చేపకు, మిగిలిన పావు అన్నానికి అన్నది గుర్తుంచుకోదగ్గ కొలత.

జాగ్రత్తలు

చలికాలపు నొలెన్ గుడ్, అంటే ఖర్జూర బెల్లం, చక్కెరకు సురక్షిత ప్రత్యామ్నాయం కాదు. అందులోనూ అధిక భాగం చక్కెరే. ‘షుగర్ ఫ్రీ’ సందేశ్‌లో చక్కెర లేకున్నా కొవ్వు, కేలరీలు ఉంటాయి. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉంటే మాంసకృత్తులు పెంచడమూ మంచిది కాదు. ముందుగా వైద్యులతో మాట్లాడాలి.

ఒకే భోజనానికి అందరి శరీరాలూ ఒకేలా స్పందించవు. అందుకే తినడానికి ముందు, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోవడం మేలు. మారు అన్నం మానేసిన రోజున, పాకం పిండిన ఒక చిన్న రసగుల్లాకు చోటుంటుందో లేదో ఆ రెండు అంకెలు, మీ వైద్యులు కలిసి చెప్పగలరు.