గడ్డికి అగ్గి వెడితే కాలేది యూరియానే

పోయిన యాసంగి వరి కోసినంక మా రెండెకరాల గడ్డికి అగ్గిపుల్ల గీసింది నేనే. మిషిని కోసిపోయింది, గడ్డి పొలమంత చెల్లాచెదురు పడ్డది. ఏరనీకె కూలోళ్లు లేరు, ఇంట్ల బర్రె లేదు. అర్ధగంటల పొలం నల్లగైంది. తాత ఒరం మీద కూసోని ఒక్కటే మాటన్నడు: ‘‘కాలవెట్టేది నువ్వే, మల్ల కొనుక్కొచ్చేది నువ్వే.’’

అప్పుడు సమజ్ కాలె. వానాకాలంల యూరియా కోసం లైన్ల చెప్పులు వెట్టి నిలవడ్డప్పుడు సమజైంది.

బడిల ఆహారపు గొలుసు అని చదువుకున్నం గదా. వరిని మిడత తింటది, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద. పరీక్షల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నం, అక్కడ్నే ఇడిసినం. అసలు ముచ్చట ఏందంటే ఆ గొలుసుల రెండు నడుస్తయ్. ఒకటి శక్తి, ఇంకోటి పోషకాలు. రెండిటి తొవ్వ ఒక్కటి కాదు.

శక్తి మన ఫోన్ల డేటా లెక్క. వాడితే అయిపాయె, మల్ల రాదు. పొద్దు పొడిస్తెనే కొత్త రీఛార్జ్. మిడత తిన్న దాంట్ల ఎక్కువ భాగం ఎగురుడుకు, బతుకుడుకే ఖర్చయి వేడి లెక్క పోతది. కప్పకు అందేది సుమారు పదో వంతే. వరిల 10,000 పాళ్లుంటే మిడతకు 1,000, కప్పకు 100, పాముకు 10, గద్దకు 1. అందుకే ఊరినిండ మిడతలుంటయ్ గని గద్దలు ఒకటో రెండో కనవడతయ్. 1942ల రేమండ్ లిండెమన్ అనే అమెరికా పిలగాడు ఒక చిన్న చెరువు కాడ కూసోని ఈ శక్తి లెక్కంత తీసిండు. ఆ వ్యాసం అచ్చయ్యేసరికి ఆయన లేడు, 26 ఏండ్లకే పోయిండు.

పోషకాలు అట్ల కాదు. నత్రజని, భాస్వరం, పొటాష్ – ఇవి భూమి దగ్గర తెచ్చుకున్న చేబదులు. వరి మన్నుల నుంచి తీసుకుంటది, గడ్డి బర్రె తింటది, పెండ పెంటకుప్పకు పోతది, ఎండకాలం బండ్ల మీద మల్ల పొలానికొస్తది. మధ్యల పని చేసేది ఎర్రలు, బూజు, కంటికి కనవడని సూక్ష్మజీవులు. జీతం లేని కూలోళ్లు అనుకోర్రి. అగ్గి వెడితే పైపొరల ఉన్నయి మాడిపోతయ్.

ఇగ లెక్క జూడుర్రి. టన్ను వరిగడ్డిల సుమారు అయిదున్నర కిలోల నత్రజని ఉంటది. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకున్నా, నా రెండెకరాలకు 22 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాల నత్రజని ఎంత? 21 కిలోలు కూడ నిండదు. అంటే నేను గీసిన అగ్గిపుల్ల ఒక బస్తాను గాలిల కలిపింది. పొటాష్ బూడిదల మిగులుతది గని సగం గాలికి, సగం తొలివానకు కొట్టుకపోతది.

గడ్డిని దున్నితే రేపే యూరియా అయితదని మాత్రం అనుకోవద్దు. మురిగేటప్పుడు సూక్ష్మజీవులు మొదలు తమ కడుపే జూసుకుంటయ్, మన్నుల ఉన్న నత్రజనిని కూడ అవే లాగుతయ్. ఎంటనే నాటేస్తే నారు పసుపువచ్చగైతది. కనీసం మూడు వారాలు తడిల మురగాలె. యాసంగి కోతకు, వానాకాలం నాట్లకు నడుమ టైముంటది. వానాకాలం కోసినంక ఉండదు, అదే తిప్పల. రోటవేటర్ కిరాయి ఇంకో తిప్పల. అందుకే కాలవెట్టినోళ్లను తిట్టుడు నాకు ఇష్టముండదు తమ్మీ, నేనూ గా లైన్ల నిలవడ్డోన్నే.

ఈ ఏడు ఎకరం గడ్డి మోపులు కట్టిచ్చి బర్రెలున్న మా బావకిచ్చిన, బదులు నాలుగు ట్రాక్టర్ల పెంట మాట్లాడుకున్న. ఇంకో ఎకరం నీళ్లు వెట్టి దున్నిచ్చిన. ట్రాక్టర్ ఎనక కొంగలు దిగినయ్. తాత ఏమనలే, ఒరం మీద కూసోని వాటిని లెక్కవెట్టుకుంట ఉన్నడు.