ప్రశ్నల మూట

హంద్రీ యొడ్డున కర్నూలు నగరముతో కలిసిపోయిన కల్లూరునందు వేసవి నీటియెద్దడి సంసారములను ఎంతగా బాధించుచున్నదో తెలిసికొనగోరి, ఒక పరిశోధకుడు పండ్రెండు ప్రశ్నలు సిద్ధపరచుకొని ఇంటింటికిని తిరుగునని భావింతము. బోరు ఎండుటవలన ఎంత ఇబ్బంది, ట్యాంకరు కొరకు కాచుకొనుట ఎంత కష్టము, నీటి ఉప్పదనము ఎంత దుర్భరము అని అతడడుగును. ప్రతి జవాబునకును, 1932లో రెన్సిస్ లికర్ట్ చూపిన రీతిని, ఒకటి మొదలు ఐదువరకు అంకె వేయును. ఆ అంకెలలో ప్రతియొక్కటియు నిలుకడ లేనిదే. ఆనాటి అలసటయు, ప్రశ్నలోని ఒక పదమును, అడిగినవాని కంఠస్వరమును జవాబును అటునిటు లాగుచుండును.

ఈ చాంచల్యమునకు విరుగుడు 1910లోనే దొరకినది. చార్లెస్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞు లిరువురు వేరువేరుగా ఒకే సూత్రమును ప్రకటించిరి. ఒకే గుణమును కొలుచు ప్రశ్నలను కూడినచో వాని దోషములు పరస్పరము చెల్లిపోయి మొత్తము స్థిరపడును. ఒక్కొక్క ప్రశ్న విశ్వసనీయత 0.3 మాత్రమే యైనను, అట్టివి నాలుగు కూడగా 0.63 అగును. 1956లో రేమండ్ కాటెల్ తన వ్యక్తిత్వ ప్రశ్నావళిని పరిశీలించుచు, ప్రశ్నలను చిన్న చిన్న మూటలుగా కట్టి, మూటలనే గణనకు ఎక్కించెను.

స్వీడన్ దేశీయుడు కార్ల్ యోరెస్కాగ్ 1970 దశకమున లిస్రెల్ అను కంప్యూటరు ప్రోగ్రామును వెలువరించిన పిదప ఈ మూటకు గిరాకి పెరిగినది. కంటికి కానరాని గుణములను, వాని నడుమ ఊహించిన సంబంధములను సమీకరణములుగా వ్రాసి, సేకరించిన దత్తాంశముతో అవి పొసగునో లేదో తేల్చు ఆ విద్యయే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్. పండ్రెండు ప్రశ్నలకు లెక్కింపవలసిన విస్తృతులు, సహవిస్తృతులు కలిసి 78. మూడేసి చొప్పున నాలుగు మూటలు కట్టినచో 10 మాత్రమే. కొద్దిమందియే జవాబిచ్చిన సర్వేలో ఈ పొదుపు స్వల్పము కాదు.

ఈ కథలో మన దత్తమండలముల పాలును కలదు. కర్నూలు, కడపలతోపాటు ఆ మండలములలో చేరిన నాటి బళ్లారి జిల్లాయందలి హడగలిలో, 1920లో తెలుగింట జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి.ఆర్. రావు 1948లో స్కోర్ పరీక్షను ప్రకటించెను. అట్టి సమీకరణముల నమూనాలో లేదనుకొని వదలిన సంబంధము నిజముగా లేనిదేనా యని, దానిని చేర్చి నమూనాను తిరిగి గణింపకయే ఈ పరీక్ష తెలుపును. నేటి ప్రోగ్రాములు చూపు సవరణ సూచికలు దాని సంతానమే.

మూటలోని ప్రమాదమును ఆ సూచికలే బయటపెట్టగలవు, వానికి అవకాశమిచ్చినచో. కల్లూరు ప్రశ్నలలో ఎనిమిది కొరతను గూర్చియు, నాలుగు ఉప్పదనమును గూర్చియు ఉన్నవనుకొందము. ప్రశ్నలను విడివిడిగా నుంచి, అన్నింటి వెనుక ఒకే బాధ కలదని పరీక్షించినచో, ఉప్పదనపు ప్రశ్నలు నాలుగును తమలో తాము మిక్కిలి సన్నిహితముగా కదలుటను సూచికలు పట్టియిచ్చును. అట్లుగాక ప్రతి మూటలోను రెండు కొరత ప్రశ్నలను, ఒక ఉప్పదనపు ప్రశ్నను చేర్చినచో నాలుగు మూటలును ఒకే తీరున నుండును. నమూనా చక్కగా పొసగును. రెండు వేర్వేరు బాధలు ఒక్కటిగా నమోదగును. ఇట్టి సౌష్ఠవమును నేను విజయముగా నంగీకరింపజాలను. ప్రశ్నలన్నియు ఒకే గుణమును కొలుచుచున్నవని విడివిడిగా శోధించి తేల్చిన పిమ్మటనే మూట కట్టవలెను. ఆ శోధన జరుపని నివేదికను నమ్మి అధికారులు నీటి వేళలు పెంచినచో, కొరతగల వీధికి మేలు కలుగును గాని, ఉప్పునీటి వీధివారికి అదే ఉప్పునీరు మరికొంతసేపు వచ్చును.